రెండోసారి అడుగుతారని

వెనింగ్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా క్లాతెన్ ఊళ్ళో ఎవరూ లేరు. కూర్చుంటే కాలు ఊపుతుంది. నిలబడితే హిజాబ్ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటుంది. ఎవరింటికైనా వెళ్తే మాటల్లోనే వాళ్ళ బల్ల మీది సామానంతా సర్దేసి వస్తుంది. వాళ్ళమ్మ వార్సినీ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. "నా మిషనైనా అప్పుడప్పుడు ఆగుతుంది గానీ ఈ పిల్ల కాలు ఆగదు" అని బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది. ఇరుగుపొరుగు వాళ్ళయితే ఆ పిల్ల ఎదురైనప్పుడల్లా, కాలు కాలిన పిల్లి ఎటో బయల్దేరిందని నవ్వేవాళ్ళు.

ఇంత నిలకడ లేని పిల్లా ఒక్క సమయంలో మాత్రం రాయిలా కదలకుండా ఉండేది. ఎవరైనా ఏదైనా ఇవ్వబోయినప్పుడు. అది వాళ్ళమ్మ పెంపకం. మా జావా వాళ్ళందరి పెంపకమూ అదే అనుకోండి, కాకపోతే వార్సినీ దాన్ని కుట్టుపని నేర్పినంత శ్రద్ధగా నేర్పింది. మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే నవ్వి ఊరుకోవాలి. ఆ పైన కూడా అడిగితే, తీసుకోకపోతే మీరు నొచ్చుకుంటారేమో అన్నట్టు మొహం పెట్టి అప్పుడు తీసుకోవాలి. అడగ్గానే చెయ్యి చాపేవాళ్ళంటే మా దగ్గర చిన్నచూపు. చుట్టాల ముందు పెట్టిన టీ అలా చల్లారిపోతూ ఉంటుందే గానీ, ఇంటివాళ్ళు పదేపదే "తీసుకోండి, తీసుకోండి" అనేదాకా కప్పు మీద ఒక్క చెయ్యి పడదు. చల్లారిన టీ తాగీ తాగీ మావాళ్ళకి వేడి టీ రుచే తెలియకుండా పోయిందని నా అనుమానం.

అడిగేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు, వద్దనేవాళ్ళకీ తెలుసు. ఇద్దరికీ తెలిసినంతవరకు ఏ చిక్కూ లేదు.

వెనింగ్ జోగ్జా నగరంలో జంతుశాస్త్రం చదివేది. ఆమె మూడో ఏడులో ఉండగా సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు జూన్, జూలై సెలవుల్లో దోమల మీద చదువు చెప్తామని చుట్టుపక్కల దేశాల నుంచి విద్యార్థుల్ని పిలిచారు. వెనింగ్ పేరు కూడా వచ్చింది. దోమంటే ఆ పిల్లకి పాత పగ. సేతో అనే తమ్ముడు ఒక వానాకాలం డెంగ్యూతో ఆసుపత్రిలో పడి, ఇక దక్కడని అందరూ అనుకున్నాక దక్కాడు. అప్పటినుంచి ఇంట్లో దోమ కనిపిస్తే అన్నం తింటున్నా సరే లేచి వెళ్ళి చంపి వచ్చేది. అలాంటిదాన్ని దోమల్ని పెంచడానికి పంపుతున్నారని వీధివాళ్ళు విరగబడి నవ్వారు.

సింగపూర్‌లో ఆమెకు బస జలేహా అనే మలయ్ ఆవిడ ఇంట్లో ఏర్పాటైంది. పొద్దునా సాయంత్రం తిండి కూడా ఆ ఇంట్లోనే. జలేహా పిన్నికి అరవై దాటాయి, భర్త పోయాడు, పిల్లలు వేరే కాపురాలు. బడి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్ళు గరిటె పట్టుకుని నిలబడిన మనిషి. ఆవిడ మలయ్ భాష, ఈ పిల్ల ఇండోనేషియా భాష దగ్గరి చుట్టాలే కనుక మాటకి లోటు లేదు.

వెనింగ్ దిగిన సాయంత్రం పిన్ని తలుపు తీస్తూనే అడిగింది.

"తిన్నావా?"

"తిన్నానండీ" అంది వెనింగ్. తిన్నది విమానంలో ఇచ్చిన వేరుశనగ గింజల పొట్లం.

"కొబ్బరిపాల అన్నం ఉంది, రొయ్యలు వేసిన సాంబల్ కారం ఉంది. పెట్టనా?"

ఆ వాసన గుమ్మం దగ్గరే వెనింగ్‌ని పట్టుకుంది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. "అయ్యో, వద్దు పిన్నీ. కడుపు నిండుగా ఉంది."

"సరే."

పిన్ని గిన్నెల మీద మూతలు పెట్టింది. ఫ్రిజ్ తలుపు తీసింది, మూసింది. తరవాత టీవీ పెట్టుకుంది. వెనింగ్ కుర్చీ అంచున కూర్చుని కాలు ఊపుతూ వంటింటివైపు చూస్తోంది. ఆ "సరే"తో మాట ముగిసిందని ఆ పిల్లకి తట్టలేదు. ఇంకా మొదలే కాలేదనుకుంది. టీవీలో వార్తలయ్యాయి, నాటకమయింది. పిన్ని ఆవులించి, "ఇక పడుకో" అని లేచి వెళ్ళిపోయింది.

పొద్దున "రొట్టె కావాలా?" అంది పిన్ని. "వద్దండీ." "సరే." సాయంత్రం "చేపల పులుసు?" "వద్దు పిన్నీ, నిజంగా." "సరే." పిన్ని పక్కింటావిడతో, "ఈసారి వచ్చిన పిల్లది పిచ్చుక తిండి. నాకు పని తప్పింది" అని చెప్పుకుంది. పిచ్చుక మాత్రం మధ్యాహ్నం విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో ఇద్దరి తిండి తిని, మర్నాటి మధ్యాహ్నం దాకా ఆ బలం మీదే నెట్టుకొస్తోంది. బయటినుంచి ఏమైనా కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. ఆ ఇంటి వంట పనికిరాలేదని ఆవిడ మొహం మీద చెప్పినట్టు కాదూ? మా జావా పిల్ల ఆకలితోనైనా పడుకుంటుంది గానీ అంత పని చెయ్యదు.

దోమల గది మాత్రం ఆమెకి స్వర్గం. లోపల ఎప్పుడూ ఉక్క, ఎటు చూసినా వల బిగించిన పెట్టెలు, తెల్లటి ట్రేల నిండా మెలికలు తిరిగే పురుగులు. అక్కడ మగ దోమల్ని పెంచి ఊళ్ళోకి వదులుతారు. మగవి కుట్టవు. వాటి ఒంట్లో ఒక సూక్ష్మజీవిని ఎక్కిస్తారు, దాంతో వాటిని కలిసిన ఆడదోమల గుడ్లు పొదగవు. అందుకని రెక్కలు రాకముందే, ప్యూపాల దశలో మగవాటినీ ఆడవాటినీ విడదీయాలి. మగది కాస్త చిన్నది, ఆడది కాస్త పెద్దది, తేడా చాలా కొంచెం. జల్లెడ పట్టాక కూడా మిగిలిపోయిన ఆడవాటిని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ చూసి ఏరాలి. మిగతా విద్యార్థులు ఆ పని మొదలుపెట్టిన కాసేపటికే మెడ పట్టేసిందని లేచేవాళ్ళు. వెనింగ్ లేచేది కాదు. ఆ గొట్టానికి కన్ను ఆనించిన మరుక్షణం ఆమె కాలు ఆగిపోయేది. పుట్టినప్పటి నుంచి ఒంట్లో ఎక్కడో గిరగిరా తిరుగుతున్నదేదో నిలబడిపోయేది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుంటుందో ఆమెకి అంతకుముందు తెలియదు.

ఆ గదిని నడిపేది ప్రొఫెసర్ క్వెక్. పొట్టి జుట్టు, చురుకైన నడక, నడుస్తూ నడుస్తూనే మాట్లాడే మనిషి. వచ్చిన నలుగురు విద్యార్థులకీ మొదటిరోజే ఒక మాట చెప్పింది. "సెలవులయ్యాక మీలో ఒకరిని ఏడాదిపాటు ఇక్కడే ఉంచుకుంటాను. దరఖాస్తులు అక్కర్లేదు. పని చూసి నేనే అడుగుతాను."

ఆ రోజు నుంచి వెనింగ్‌కి ఇంకో ఆలోచన లేదు. ఆ చోటు ఆమెకి కావాలి. ఒట్టినే కావాలనుకోవడం కాదు, దప్పికైనప్పుడు నీళ్ళు కావాలన్నట్టు. క్లాతెన్‌లో మేనమామ తన బడిలో సైన్సు టీచరు పని సిద్ధం చేసి ఉంచాడు. అది చెడ్డ పనేం కాదు. కాని నల్లబల్లకీ కిటికీకీ మధ్య పచార్లు చేస్తూ జీవితమంతా గడపడం తలుచుకుంటే ఆమెకి ఊపిరాడేది కాదు. ప్రపంచంలో తన కాలు ఆగే చోటు ఒకటి దొరికింది. దాన్ని వదిలి ఎలా వెళ్తుంది?

ఒక సాయంత్రం ఆకలికి తట్టుకోలేక బన్ను ఒకటి కొనుక్కుని, ఇంటికి తీసుకెళ్ళలేక, ఫ్లాట్ల బ్లాకు కింద ముసలివాళ్ళు చదరంగం ఆడుకునే రాతి బల్ల దగ్గర కూర్చుని గబగబా తింటోంది. కూరగాయల సంచీతో వస్తున్న జలేహా పిన్ని సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

వెనింగ్ నోటి నిండా బన్ను.

"ఇంట్లో తిండి పెట్టడం లేదని ఈ బ్లాకంతా చెప్పుకోవాలనా?"

"లేదు పిన్నీ, ఆకలేసి..."

"ఆకలేస్తే చెప్పడానికి నోరు లేదా? రోజూ అడుగుతూనే ఉన్నా కదా!"

"అడుగుతున్నారు."

"నువ్వు వద్దంటున్నావు."

"మీరు ఒక్కసారే అడుగుతున్నారు" అంది వెనింగ్, తల వంచుకుని.

పిన్ని సంచీ బల్ల మీద పెట్టింది. తరవాత నవ్వడం మొదలుపెట్టిందంటే, చదరంగం ముసలివాళ్ళు ఆట ఆపి చూశారు.

"నువ్వు అచ్చం మా అవ్వవే తల్లీ! ఆవిడా మీ జావా మనిషే. నీరసంతో కళ్ళు తిరుగుతున్నా వద్దు వద్దనేదిట. ఇక్కడికొచ్చి ఏడాది పస్తులుండి నేర్చుకుంది. ఇలా చూడు. ముప్పై ఏళ్ళు గరిటె పట్టుకుని నిలబడ్డాను. నా ముందు ఇంత పొడుగు పిల్లల వరస. కోడా, చేపా? అంతే, ఒక్కసారి. వాడు నసిగితే తరవాతివాడు. రెండోసారి అడుగుతూ కూర్చుంటే బడి గంట కొట్టేస్తారు, చివరివాళ్ళు ఆకలితో క్లాసుకి పోతారు. ఈ ఊళ్ళో అందరూ అలాంటి వరసలో నిలబడి పెరిగినవాళ్ళే. వద్దంటే వద్దనే అనుకుంటాం. నీ మనసులోకి తొంగి చూసే తీరిక ఎవరికుంది?"

ఆ పూట నుంచి వంటింట్లో పాఠాలు. పిన్ని గరిటె ఎత్తి, "చేప కావాలా?" అనేది.

"వ..."

"ఏంటీ?"

"కావాలి" అనేది వెనింగ్. చెవులదాకా ఎర్రబడేది. మొదట్లో ఆ మాట గొంతులో ముల్లులా అడ్డం పడేది. రానురాను తేలికయింది. "ఇంకో ముక్క?" "కావాలి." "సాంబల్?" "కావాలి పిన్నీ." ఒకరోజు పిన్ని అడక్కముందే, "ఆ గుడ్డు నాకేనా?" అని అడిగేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిన్ని మురిసిపోయి గుడ్డుతోపాటు కూర కూడా వేసింది. ఫోన్లో వార్సినీకి కూడా ఈ సంగతి చెప్పింది.

"అక్కడ నడిస్తే నడవనీ. ఇంటికొచ్చాక మాత్రం నా పరువు తియ్యకు" అంది.

ప్రొఫెసర్ క్వెక్ అడగడం ఒక సోమవారం అడిగింది. అదీ ఎక్కడ? లిఫ్టు దగ్గర. వెనింగ్ రెండు చేతుల్లో ట్రేలు పట్టుకుని వస్తోంది, ఆవిడ చేతిలో ఫోను, చంకలో కాగితాలు. లిఫ్టు పైకి వస్తోంది.

"వెనింగ్, మంచిదయింది కనిపించావు. ఏడాది ఉంటావా? ఆ చోటు నీకిద్దామనుకుంటున్నా."

ట్రేలో నీళ్ళు తొణికాయి. కావాలి, కావాలి, కావాలి. ఒళ్ళంతా ఆ మాటే.

కాని చేపముక్కకి ఊ అనడం వేరు. ఇది జీవితానికి ఊ అనడం. ఇచ్చేది ఎంత పెద్దదైతే అంత గట్టిగా వెనక్కి తగ్గాలని ఉగ్గుపాలతో పోశారు ఆ పిల్లకి. ఇంత పెద్ద మనిషి ఇంత పెద్దది ఇస్తుంటే, నడవలో నిలబడి, చేతుల్లో దోమల ట్రేలు పెట్టుకుని, గుడ్డు అడిగినట్టు కావాలి అని ఎలా అనేస్తుంది?

"అంత అర్హత నాకెక్కడిది మేడమ్" అంది తల వంచి. "నేనింకా ఏమీ నేర్చుకోలేదు. నా పక్క బల్ల దగ్గర ఖోయ్ నాకంటే చాలా బాగా చేస్తాడు."

"అలాగా?" ప్రొఫెసర్ ఫోనులోంచి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. "సరే. ఉన్నదున్నట్టు చెప్పావు, సంతోషం. చాలామంది చెప్పరు."

లిఫ్టు వచ్చింది. ఆవిడ ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి.

వెనింగ్‌కి నేల మీద కాలు నిలవలేదు. ఏడుపు కాదు, సంతోషం! మేడమ్ అడిగింది. తననే అడిగింది. తను ఎంత చక్కగా జవాబు చెప్పింది! తొట్రుపడలేదు, ఎగబడలేదు, పక్కవాడి పేరు కూడా ముందుకు తోసింది. ఇంతకంటే మర్యాదగా ఊ అనడం మా ఊళ్ళో అరవై ఏళ్ళవాళ్ళకి కూడా చేతకాదు. ట్రేలు దింపీ దింపకుండానే వాళ్ళమ్మకి ఫోను చేసింది.

"ఏమన్నావు?" అంది వార్సినీ. మిషను ఆగిన చప్పుడు వినిపించింది.

"నాకంత అర్హత లేదన్నా. ఇంకో అబ్బాయి బాగా చేస్తాడన్నా."

"నా తల్లే!" అంది వార్సినీ. "నా పెంపకం నిలబెట్టావు. రెండోసారి అడిగినప్పుడు కూడా తొందరపడకు, తెలిసిందా? నవ్వి ఊరుకో. మీ మామయ్యకి నేను చెప్తాలే, బడికి ఇంకొకరిని చూసుకోమని."

తల్లీకూతుళ్ళిద్దరూ ఆ సాయంత్రం అంత దూరం నుంచీ ఒకే సంతోషం పంచుకున్నారు. వాళ్ళని ఏమని తిట్టాలి చెప్పండి? వాళ్ళ దృష్టిలో పని అయిపోయింది. ఇక మర్యాదలే మిగిలాయి.

మర్నాడు ప్రొఫెసర్ దోమల గదిలోకి వచ్చింది. వెనింగ్ లేచి నిలబడింది. "ఆ పెట్టెకి వల చిరిగింది, మార్చు" అని వెళ్ళిపోయింది. ఆ మర్నాడు నడవలో ఎదురైంది. వెనింగ్ నవ్వింది. ఆవిడా నవ్వి, నడక ఆపకుండా పోయింది. తొందరేముంది, పెద్దవాళ్ళు నిదానంగా అడుగుతారు అనుకుంది వెనింగ్. ఆవిడ గది ముందు నుంచి అటొకసారి ఇటొకసారి నడిచింది. అక్కర లేకపోయినా వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంది. తాగిన నీళ్ళు చాలక, తాగలేని నీళ్ళు కూడా తెచ్చింది. ఆవిడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జల్లుమనేది. తలుపులోంచి వేరెవరో వచ్చేవారు.

గురువారం సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుంటే బల్ల కింద ఏదో టపటపమంటోంది. ఏమిటా అని చూసుకుంటే తన కాలే. ఆమె బెదిరిపోయింది. అంతవరకు అక్కడ ఆ కాలు ఎప్పుడూ ఆడలేదు. ఆ పూట మగవాటి గిన్నెలో ఆడ ప్యూపా ఒకటి పడింది. పక్క బల్ల దగ్గర పనిచేసే ఖోయ్ దాన్ని చూసి డ్రాపరుతో తీసేశాడు. ఖోయ్ వియత్నాం కుర్రాడు, కాన్‌తో అనే ఊరి దగ్గర నది మీద వాళ్ళ నాన్న చేపల పెంపకం. వసపిట్టలా వాగుతాడు గానీ మనసు మంచిది.

"నీ చేతిలో తప్పా! ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నా" అంది వెనింగ్. అతను ఇంకేదో చెప్పబోయి, ఎందుకో మానేసి, తన ట్రే వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతుంటే జలేహా పిన్ని వచ్చి పక్కన నిలబడింది.

"ఏమయిందే? ఇందాకటి నుంచి ఆ ఒక్క గ్లాసే తోముతున్నావు. అరిగిపోతుంది."

వెనింగ్ ఇక దాచుకోలేకపోయింది. "నన్ను ఉండమని అడిగారు పిన్నీ. ఏడాది."

"అబ్బో! మరి నోరు తీపి చెయ్యవేం? ఎప్పుడడిగారు?"

"సోమవారం."

"ఇవాళ గురువారం! ఇన్నాళ్ళూ చెప్పలేదే? నువ్వేమన్నావు?"

వెనింగ్ చెప్పింది. ఎంత వినయంగా అన్నదీ, ఖోయ్ పేరు ఎలా కలిపిందీ, మేడమ్ ఎంత మెచ్చుకున్నదీ అన్నీ చెప్పింది. చెప్తూ చెప్తూ పిన్ని మొహం చూసింది. పిన్ని కుళాయి కట్టేసింది.

"ఆవిడ ఏమంది? చివర్న?"

"సరే అన్నారు."

సరే. ఆ మాట తన నోటితో తను పలికాక, తన చెవితో తను విన్నాక, వెనింగ్‌కి అప్పుడు తెలిసింది. వచ్చిన సాయంత్రం విన్న అదే సరే. గిన్నె మీద మూత, ఫ్రిజ్ తలుపు. అక్కడే పీట మీద కూలబడింది.

"పిచ్చి మొద్దూ" అంది పిన్ని. కోపంగా అనాలనుకుంది గానీ కోపం రాలేదు. "నీకు నేర్పాననుకున్నానే. నీ కంచం వరకే నేర్పానన్నమాట."

"ఇప్పుడేం చెయ్యను పిన్నీ?"

"పొద్దున్నే వెళ్ళు. ఆవిడ గుమ్మంలో నిలబడి, నాకు కావాలి అని చెప్పు. వేరే మాటొద్దు."

"వద్దన్నదాన్ని మళ్ళీ వెళ్ళి ఎలా అడగను? సిగ్గు కాదూ? మా అమ్మకి తెలిస్తే చచ్చిపోతుంది."

"అమ్మ చావదు. నువ్వు మాత్రం ఆ మామయ్య బడిలో రోజుకింత చస్తావు. ఏది నయమో నువ్వే చూసుకో."

శుక్రవారం పొద్దున వెనింగ్ రైల్లో కూర్చోలేదు. బోలెడు సీట్లు ఖాళీ ఉన్నా ఈ తలుపు దగ్గర నుంచి ఆ తలుపుకి నడుస్తూనే ఉంది. నాకు కావాలి. నాకు కావాలి మేడమ్. దయచేసి అంటే బాగుంటుందా? క్షమించండి అని మొదలుపెట్టాలా? వద్దు, పిన్ని వేరే మాటొద్దంది. ప్రొఫెసర్ గది తలుపు తెరిచే ఉంది. ఆవిడ కంప్యూటర్‌లోంచి తలెత్తింది.

"మేడమ్, ఆ చోటు నాకు కావాలి."

అనేసింది. పుట్టిన తరవాత ఎవరూ పెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా, తనంతట తను ఒక పెద్దదాన్ని అడగడం అదే మొదటిసారి.

ప్రొఫెసర్ క్వెక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను అడిగాను కదా. వద్దన్నావు."

"అది వద్దనడం కాదు మేడమ్."

"మరేమిటి?"

వెనింగ్ నోరు తెరిచింది. ఎలా చెప్పాలి? చల్లారే టీ సంగతి చెప్పాలా? అమ్మ సంగతి చెప్పాలా? "మా వైపు... వెంటనే ఊ అనకూడదు. మళ్ళీ అడుగుతారని అనుకున్నా."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. తన తప్పు ఏమైనా ఉందా అని వెతుక్కుంటోంది, దొరకడం లేదు. "నాకు తెలియదు వెనింగ్. నీ చెయ్యి మంచిది, అందుకే ముందు నిన్నడిగాను. నువ్వు ఖోయ్ పేరు చెప్పావు. బుధవారం అతన్నడిగితే వెంటనే సరేనన్నాడు. పేరు పంపేశాను. ఇప్పుడు ఏం చెయ్యమంటావు?"

ఏమీ చెయ్యమనలేదు వెనింగ్. ఆవిడకి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. దోమల గదిలోకి వెళ్ళలేకపోయింది. మెట్ల దగ్గర కిటికీ పక్కన నిలబడి ఏడ్చింది. అమ్మ మీద కోపం వచ్చింది, మేడమ్ మీద వచ్చింది, చిన్నప్పటి నుంచీ తాగిన చల్లటి టీలన్నిటి మీదా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ తన నోటి మీద వచ్చింది. అంత బాగా పెంచిన నోరు, కావలసినప్పుడు పనికిరాలేదు.

కాసేపటికి ఖోయ్ వచ్చాడు. మేడమ్ చెప్పినట్టుంది. మెడలో వేలాడే కార్డుని చేత్తో పట్టుకుని నలుపుతున్నాడు.

"నాకు తెలీదు వెనింగ్. నువ్వు వద్దన్నావనే చెప్పారు. నిన్ననే చెప్దామనుకున్నా, నువ్వేమనుకుంటావో అని... మా నాన్నకి ఫోను చేస్తే పడవలోంచి అరిచాడు, నది అవతలి వాళ్ళక్కూడా వినపడేట్టు." ఆగాడు. ఆ మాట అనకుండా ఉండవలసిందని అతనికే అనిపించినట్టుంది. "ముందు అడిగింది నిన్ను. కనుక అది నీదే. నేను వెళ్ళి మేడమ్‌తో చెప్తాను, నేను తప్పుకుంటానని. చెప్పనా?"

వెనింగ్ కళ్ళు తుడుచుకుని అతన్ని చూసింది. అతను ఆమె కళ్ళలోకి చూడడం లేదు, నుదుటి వైపు చూస్తున్నాడు. "చెప్పనా" అన్న మాట చివర కాస్త దిగిపోయింది. కార్డు నలిపే చెయ్యి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. వియత్నాంలో ఎలా అడుగుతారో ఆమెకి తెలియదు. కాని వద్దంటే బాగుండునని లోపల కోరుకుంటూ అడిగేవాళ్ళు ఎలా ఉంటారో ఆ భవనంలో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పుట్టింది మొదలు అదే చూస్తూ పెరిగింది.

"కావాలి" అంది వెనింగ్.

ఖోయ్ మొహంలో రంగు పోయింది. అయినా తల ఊపాడు.

"ఆగు, నన్ను చెప్పనీ. నాకు కావాలి ఖోయ్. వచ్చిన రోజు నుంచీ కావాలి. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదు. సోమవారం ఆవిడ అడిగినప్పుడు కూడా కావాలనే ఉంది, అర్హత గిర్హత అన్నదంతా అబద్ధం. నీకంటే నేనే బాగా చేస్తాను కూడా. ఇది ఎవరితోనైనా ఒక్కసారి అనాలి, అందుకే నీతో అంటున్నా. కాని నువ్వు తప్పుకోకు. నిన్నడిగారు, నువ్వు సరేనన్నావు. అది నీది. నాకొద్దు."

ఖోయ్ బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "నువ్వు చాలా మంచిదానివి" అన్నాడు. ఇంకేమనాలో తెలియక మళ్ళీ అదే అన్నాడు. తరవాత మెట్లు దిగడం మొదలుపెట్టాడు, మొదట నెమ్మదిగా, తరవాత రెండేసి మెట్లు ఒక్కసారే.

వెనింగ్ వద్దన్నది మనస్ఫూర్తిగానే. అందులో మర్యాదా లేదు, నటనా లేదు. ఎవరడిగినా ఒట్టు పెట్టి చెప్పగలదు. అయినా ఆ అడుగుల చప్పుడు ఒక్కో అంతస్తూ దిగిపోతూ ఉన్నంతసేపూ రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడింది, అతను ఆగి, తలెత్తి, ఇంకొక్కసారి అడుగుతాడేమోనని.